లంకల్లో ముందుజాగ్రత్త లేదనడం సరికాదు
పాతరోజుల్లో కృష్ణా నది లంకల (నది మధ్య దీవుల) జనం వరదొస్తే అన్నీ వదిలేసి కరకట్ట ఎక్కడమే ఎరుగుదురని ఒక వ్యాసంలో రాశారు. ఇది ఒప్పుకోలేను. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అంత వరదకు ఏ జాగ్రత్తా చాలదు, నిజమే. మామూలు వరదకు మాత్రం వానలకు ముందే ఏర్పాట్లుండేవి. ధాన్యం పురి (గడ్డి వెంటి, అంటే గడ్డితో పేనిన తాడు, చుట్టి వడ్లు నిలవచేసేది) కింద తాటి దుంగలు పరిచి ఎత్తు చేసేవారు. అడుగు తడిస్తే వడ్లు ఉబ్బి గడ్డి వెంటి తెగిపోతుంది, రెండుమూడు రోజుల్లో మొలకలొచ్చేస్తాయి. అందుకే విత్తనాలు కుండల్లో పోసి, మూతికి పేడమట్టి మెత్తి అటకెక్కించేవారు. పశువుల్ని చీకటి పడకముందే కట్ట మీదికి తోలాలి, వీల్లేకపోతే పలుపు కోసి వదిలేయాలి. కట్టేసిన గేదె మునిగిపోతుంది, విప్పితే ఈది గట్టెక్కుతుంది. అయిదారు అరటి బోదెలు పేర్చి, రెండు చివర్లా వెదురు గుచ్చి తాళ్ళతో బిగిస్తే తెప్ప. అది కొద్ది రోజులే, తర్వాత నీరు పీల్చి బరువెక్కుతుంది. ఇక తాగునీరు. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే బురద అడుక్కి దిగుతుంది. నీరు తేటపడుతుందే గానీ రోగం పోదు, పైనీరు వంచి కాచుకోవాల్సిందే. అందుకే ఎండుపుల్లలకూ అటక మీద చోటుండేది.