మన కొబ్బరి మీద వాలిన పురుగుది ఏ ఊరు?

మొన్న మా తోటలో దింపు తీయించాం. చెట్టు దిగాక దింపు తీసే అతను చొక్కా విప్పి చూపించాడు. భుజాల మీద, మెడ వెనక అంతా నల్లటి మసి, దాని కింద జిగురు. "ఈ మసి సబ్బుకి పోదండి, మా ఇంటావిడ నా బట్టలు వేరేగా ఉతుకుతోంది" అన్నాడు. కింద పడిన మట్ట తిరగేసి చూశాను. ఆకు అడుగున చిన్న చిన్న ముగ్గులు పెట్టినట్టు తెల్లటి చుట్లు. ఆకు రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ పెట్టిన గుడ్లు అవి. అది వదిలే జిగురు మీదే ఆ మసి పడుతుంది. కింద నాటిన కోకో ఆకుల మీద కూడా అదే మసి.

మా అంబాజీపేట చుట్టుపక్కల ఇదేం కొత్త కాదు. నాకు కోపం వచ్చింది సాయంత్రం మందుల కొట్టు దగ్గర. నలుగురు రైతులం నిలబడితే నలుగురి నోటా ఒకటే మాట: "ఏ మందు కొట్టాలి?" ఇది ఎక్కడి నుంచి వచ్చింది, అక్కడ దీన్ని తినేది ఏది అని అడిగినవాళ్లు లేరు. కొట్టతను రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఈ తెల్లదోమ పిల్ల దశలో ఉండగానే దాని ఒంట్లో పెరిగి చంపేసే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి మన తోటల్లోనే ఉంది. ఆ డబ్బాలోది కొడితే ముందు చచ్చేది అదే. శాస్త్రవేత్తలు మందులు కొట్టొద్దని మొత్తుకునేది ఇందుకే.

ఈ తెల్లదోమకు 2004లో పేరు పెట్టారు, మధ్య అమెరికాలోని బెలీజ్‌లో దొరికిన నమూనాలు చూసి. 2009లో ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో బయటపడింది. ఆ తర్వాత మన కడియం నర్సరీలు, ఆ తర్వాత కోనసీమ. మన దేశంలో దీన్ని గుర్తుపట్టినప్పుడు ఆకారం ఒక్కటే చూసి సరిపెట్టలేదు, డీఎన్‌ఏ కూడా చూశారు. నేను ఇంత పొడుగు పోస్టు రాస్తున్నది ఆ డీఎన్‌ఏ గురించే.

మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది. పురుగు కణాల్లో మైటోకాండ్రియా అని ఉంటుంది, అందులోని డీఎన్‌ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. అందులో ఒక జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, వేరే దేశాల్లో దొరికిన పురుగులతో పోలుస్తారు. పుట్టిన చోట ఆ పురుగు వేల ఏళ్లుగా ఉంటుంది కాబట్టి అక్కడ రకరకాల వంశాలు, అంటే ఆ అక్షరాల్లో చిన్న చిన్న తేడాలున్న గుంపులు, కనిపిస్తాయి. ఓడలోనో మొక్కల కుండీలోనో వేరే దేశానికి వచ్చినవి కొన్నే కాబట్టి ఇక్కడ ఒకటో రెండో వంశాలే ఉంటాయి. పది రకాల ధాన్యం కలిసిన రాశిలోంచి గుప్పెడు తీసుకొచ్చినట్టు. ఆ గుప్పెడు ఏ రాశిలోదో వెతకడమే ఈ పని.

కొబ్బరి నల్లి మీకు గుర్తుండే ఉంటుంది. 1998లో కేరళలో బయటపడి, తర్వాత మన కాయల మీద గోధుమరంగు మచ్చలు, పగుళ్లు తెచ్చి, కాయ సైజు చిక్కిపోయేలా చేసింది అదే. దాని డీఎన్‌ఏ చూస్తే ఏం తేలిందో తెలుసా? మైటోకాండ్రియా వంశాలు 7 కనిపిస్తే, అందులో 6 బ్రెజిల్‌లోనే ఉన్నాయి. ఆఫ్రికాలో, ఆసియాలో చూసినవాటిలో ఒక్కటే. అంటే కొబ్బరి పుట్టిల్లు ఇటువైపు అయినా, దాన్ని కొరికే నల్లి పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడ వేరే తాటిజాతి చెట్ల మీద బతికిన నల్లి, కొబ్బరి అక్కడికి వెళ్లాక దాన్ని పట్టుకుందన్నమాట. అలాంటప్పుడు దాన్ని తినే శత్రువును ఎక్కడ వెతకాలో చెప్పడానికి వేరే సాక్ష్యం కావాలా?

అసలు ఊరు తెలియకపోతే ఏమవుతుందో కర్రపెండలం కథ చెబుతుంది. పెద్దాపురం మెట్టలో ఈ పంట వేసేవాళ్లు శ్రద్ధగా చదవాలి. 1970లలో ఆఫ్రికాలో ఒక పిండినల్లి (ఒంటి మీద తెల్లటి పిండిలాంటి పూత ఉండే, రసం పీల్చే పురుగు) కర్రపెండలాన్ని ఊడ్చేసింది. శత్రువు కోసం ముందు దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో వెతికారు. అక్కడ అచ్చం అలాగే ఉన్న పిండినల్లి దొరికింది, దాని మీది పరాన్నజీవుల్ని తెచ్చి వదిలారు. నిలబడలేదు. ఎందుకంటే అది వేరే జాతి. అసలుది 1981లో పరాగ్వేలో దొరికింది, దాని మీదున్న చిన్న కందిరీగలాంటి పురుగు ఆఫ్రికా పంటను కాపాడింది. చూపుకు ఒకేలా ఉన్న రెండు పురుగుల్ని విడదీయడానికి అన్నేళ్లు పోయాయి. ఇప్పుడైతే డీఎన్‌ఏ పరీక్షతో రోజుల్లో తేలిపోయే పని. అదే పిండినల్లి 2020లో కేరళలోని త్రిశూర్‌కు వచ్చింది.

కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు సంగతి ఇంకా టెన్షన్ పెట్టేది. అది మన వైపు పురుగే. 1909లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి రబ్బరు మొక్కలతో పసిఫిక్‌లోని సమోవా దీవులకు పోయింది. 1963లో మలేసియాలో దాన్ని చంపే వైరస్‌ను కనుక్కుని, 1967లో సమోవాలో వదిలితే పనిచేసింది. చాలా ఏళ్లు అందరూ ధైర్యంగా ఉన్నారు. 2007లో గువామ్ దీవిలో కొమ్ము పురుగు పడింది, ఆ వైరస్ వదిలారు, పురుగు లెక్కచేయలేదు. డీఎన్‌ఏ చూస్తే అది వేరే వంశం. కొమ్మూ అదే, పెంకూ అదే, తినే మొవ్వూ అదే. తర్వాత హవాయి, పాపువా న్యూగినీ, సోలమన్ దీవుల్లో కూడా ఆ వంశమే కనిపించింది. పేరు తెలిస్తే చాలదు, ఏ వంశమో తెలియాలి అనడానికి నాకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకలేదు.

జామాయిల్ వేసిన అన్నదమ్ములకు కూడా ఇదే కథ. ఆకు ఈనెల మీద, కాడల మీద బుడిపెలు కట్టించే కందిరీగ ఆస్ట్రేలియాది. ఒకే జాతి అనుకున్న దానిలో డీఎన్‌ఏ రెండు వంశాల్ని చూపించింది. దాని శత్రువుల్ని ఆ దేశంలోని క్వీన్స్‌లాండ్‌లోనే పట్టుకున్నారు.

సరిగ్గా చేస్తే మన దేశంలోనే ఎంత బాగా జరుగుతుందో బొప్పాయి రైతులు చూశారు. 2008లో కోయంబత్తూరులో పిండినల్లి పడింది. దాని సొంతూరు మెక్సికో, మధ్య అమెరికా అని తెలుసు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల పరాన్నజీవుల్ని బెంగళూరుకు తెప్పించి, పెంచి వదిలారు. పిండినల్లి అణిగిపోయింది. ఊరు తెలిసింది కాబట్టే తెచ్చుకోగలిగాం.

ఇక కడియం మాట. తెల్లదోమ పేరెత్తితే కోనసీమలో చాలామంది "నర్సరీ వాళ్లే తెచ్చారు" అని తేల్చేస్తారు. ఇది అన్యాయం అంటాను నేను. కడియపులంక నుంచి దేశమంతా మొక్కలు పోతాయి, దేశమంతటి నుంచి అక్కడికి వస్తాయి, నిజమే. కానీ ఏ లారీలో వచ్చిందో ఎవరు చూశారు? డీఎన్‌ఏ కూడా ఇక్కడ తేలిగ్గా జవాబివ్వదు. ఖండం దాటిన దారి ఒక జన్యువుతో తెలియొచ్చు. జిల్లా నుంచి జిల్లాకు పాకిన దారి తేలాలంటే ఇంకా సన్నని గుర్తులు చూడాలి, పురుగు కనిపించిన మొదటి రోజుల్లోనే ప్రతి ఊరి నుంచి నమూనాలు తీసి దాచాలి. మనం దాచలేదు. ఇప్పుడు కడియాన్ని తిట్టడానికి గానీ, కాపాడడానికి గానీ మన చేతిలో ఏమీ లేదు.

అందుకే అడుగుతున్నాను. కడియంలో మొక్కల లారీ దిగే చోట ఏడాది పొడుగునా నమూనాలు తీసే మనిషి ఒకరు ఉండాలి. అంబాజీపేట పరిశోధన స్థానంలో పురుగుల్ని ఊరు, తేదీ రాసి భద్రపరిచే గది ఉండాలి. బెంగళూరులో జాతీయ కీటక వనరుల బ్యూరో ఉంది, డీఎన్‌ఏ చదివే పని వాళ్లకు కొత్త కాదు, ఇక్కడి నుంచి నమూనా వెళ్లాలంతే. మన పన్ను డబ్బులో ఇది ఎంత?

జువాలజీ చెప్పే స్నేహితుణ్ణి అడిగి 95 శాతం ఆల్కహాల్ తెచ్చుకున్నాను. ఫార్మాలిన్ వద్దన్నాడు, అందులో వేస్తే డీఎన్‌ఏ పాడైపోతుందట. మొన్న పడిన మట్ట నుంచి తెల్లదోమలు కొన్ని, వాటి పిల్లలు ఉన్న ఆకు ముక్క రెండు చిన్న సీసాల్లో వేశాను. పెన్సిల్‌తో ఊరు, తేదీ, చెట్టు రకం రాసి చీటీ లోపలే పెట్టాను, పెన్ను అయితే సిరా కరిగిపోతుంది. సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మీ తోటలో ఇంతవరకూ చూడని పురుగు కనిపిస్తే మందు కొట్టే ముందు మీరూ ఒక సీసా నింపండి, నాకు మెసేజ్ పెట్టండి. రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఎక్కడైనా నేనే వచ్చి తీసుకెళ్తాను.