ప్రాప్ పందెం గారికి, వారి అన్నగారికి

మహారాజశ్రీ ప్రాప్ పందెం గారికి,

న్యూజెర్సీ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. బ్యాంకు ఖాతాకు మాత్రం కొంచెం నలతగా ఉంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆటల మీద పందేలకు, అంటే మీకు, తలుపులు తీయించింది మా రాష్ట్రమే కనుక ఆ నేరంలో నాకూ వాటా ఉంది.

మాది భీమవరం వైపు. చట్టం ఒప్పుకోకపోయినా సంక్రాంతి కోడిపందేలు చూస్తూ పెరిగాను. అక్కడ ప్రశ్న ఒక్కటే: ఏ కోడి గెలుస్తుంది? ముందు ఏది రెక్క విదిలిస్తుంది, ఎన్ని ఈకలు రాలతాయి అని అడిగినవాడికి మతి పోయిందనుకునేవారు. మీరు గెలుపోటములు వదిలేసి, ఆటలో జరిగే అలాంటి చిల్లర సంగతులకే ధర కట్టారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఎవరు గెలిస్తే మీకేమిటి? టాస్‌లో బొమ్మా బొరుసా, గెలిచిన కోచ్ నెత్తిన గుమ్మరించే పానీయం నారింజ రంగా నీలమా, అదీ మీ బాధ.

టాస్‌కు బొమ్మ మీద 105 డాలర్లు ఒడ్డాను. గెలిస్తే లాభం 100. బొరుసుకూ అదే ధర. నాణేనికి రెండు ముఖాలేనని మా అమ్మాయి అంటుంది. మూడోది మీదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆటగాడు ఎన్ని గజాలు పరిగెడతాడనే పందేనికి మామూలుగా 110 ఒడ్డితే 100. అంటే నూటికి 52 సార్లకు పైగా జోస్యం ఫలిస్తేనే నా అసలు నాకు దక్కుతుంది. మా ఊరి సిద్ధాంతి గారే అంత పూచీ ఇవ్వలేదు.

1986 జనవరిలో మీకూ ఒక దెబ్బ తగిలింది. ఆ ఏటి సూపర్ బౌల్‌లో, చికాగో బేర్స్ జట్టులో 'రిఫ్రిజిరేటర్' అని పిలిచే భారీకాయుడు విలియం పెర్రీ టచ్‌డౌన్ (బంతితో అవతలి జట్టు గీత దాటడం) చేస్తాడా అని లాస్ వేగస్‌లో పందెం పెట్టారు. చేశాడు! చెల్లించలేక దుకాణం కట్టేస్తారనుకుంటే, జనం ఎగబడిన తీరు చూసి ఇలాంటి పందేలు ఇంకా పెంచారు.

ఇక మీ అన్నగారు, ఫ్యూచర్స్ పందెం: చివరికి కప్పు ఎవరిదో నెలల ముందే కాసేది. ఆయన నిదానస్తుడు. 2023 ఆగస్టులో, 1969 తర్వాత సూపర్ బౌల్ ముఖం చూడని న్యూయార్క్ జెట్స్ మీద నాచేత డబ్బు కట్టించుకున్నారు. పేరుమోసిన ఆటగాడు ఆరన్ రాడ్జర్స్ ఆ జట్టుకు వచ్చాడుగా మరి! సెప్టెంబరులో మొదటి ఆట, నాలుగో ఎత్తుకే అతని మడమ నరం తెగింది. నా పందెం మాత్రం డిసెంబరు దాకా ఊపిరితోనే ఉంది, వడ్డీ లేకుండా. చిట్టీ కట్టినా ఏదో ఒక నెల పాట వచ్చేది. ముప్పై రెండు జట్ల మీదా కాసి ఎవరు గెలిచినా 100 వచ్చేలా చూసుకుందామని లెక్క వేస్తే, పెట్టుబడే 120 దాటింది.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా అడుగుతాను. 2024లో జాంటే పోర్టర్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు మూడు నిమిషాలాడి, ఒంట్లో బాగాలేదని బయటికి వచ్చేశాడు. అతను తక్కువ పాయింట్లే చేస్తాడని ఎవరో ముందే కాశారు. అతని బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అతన్ని జీవితకాలం నిషేధించింది. జట్టును ఓడించడానికి చాలామంది కలవాలి, మీ పందేనికి ఒక్కడి కడుపునొప్పి చాలు. మా బరిలో కోడికైతే తన మీద ఎంత కాశారో తెలియదు.

ఇట్లు,
జెట్స్ చీటీ ఇంకా పారేయని
మీ విధేయుడు

తా.క.: ఈసారి బొరుసు మీద 105 పంపుతున్నాను. మా అమ్మాయికి చెప్పకండి.