'లేదు' అంటే కూడా సమాధానమే సామీ

మా మామకి పొదలకూరు దగ్గర రెండెకరాల నిమ్మతోట ఉంది. ఏదో సాయం వస్తుందంటే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ప్రింటు తీసుకుని నెల్లూరు పోయాడు. ఆ కాగితంలో 'సొంత భూమి ఉందా?' పక్కన 1 అని అచ్చయింది.

"ఏందబ్బయా, ఉండేది రెండైతే ఒకటి వేశాడు, ఇంకో ఎకరా ఎవడు మింగాడు?" అని నాకు ఫోను. 'వివాహం అయిందా?' పక్కన కూడా 1 ఉంది, ఆ లెక్క మాత్రం కరెక్టేనంది మా అత్త. ఇక 'గతంలో సాయం పొందారా?' పక్కన తెల్లకాగితం. "ఇది నింపలేదే పెద్దాయనా" అన్నాడు గుమస్తా. లేదు అనే నొక్కానయ్యా అంటే, నొక్కుంటే పడాలి కదా అన్నాడు. ఆయన న్యాయం ఆయనది.

ఇందులో తప్పేమీ లేదు, శాస్త్రోక్తంగానే జరిగింది. ఆ ఫారం తయారైన పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ట్రూని, అంటే 'అవును'ని, ఎకో చేస్తే (అచ్చేయమంటే) 1 వస్తుంది, ఫాల్స్‌ని, అంటే 'లేదు'ని, చేస్తే ఏమీ రాదు, ఖాళీ స్ట్రింగు, అంటే ఒక్క అక్షరం కూడా లేని మాట. బూలియన్‌ని, అంటే ఈ ట్రూ-ఫాల్స్ విలువని, స్ట్రింగుగా మార్చి మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు కదా అని మాన్యువల్‌లో కారణం కూడా చెప్పారు, అంటే ఖాళీని తిరిగిస్తే ఫాల్స్ అవుతుంది, కంప్యూటర్‌కి. గుమస్తాకి కాదు! సీ ప్లస్ ప్లస్ అనే ఇంకో భాష కూడా బూల్ఆల్ఫా అనే ఆదేశంతో బతిమాలితే తప్ప మాటల్లో చెప్పదు గానీ కనీసం సున్నా అయినా వేస్తుంది, సున్నా కంటికి కనబడుతుంది. పైతాన్ అనే మరో భాష 'ఫాల్స్' అని శుభ్రంగా రాస్తుంది, ఆ రాసిన ముక్కనే తీసుకెళ్లి ట్రూనా ఫాల్సా తేల్చే దాని బూల్‌కిస్తే ట్రూ అంటుంది, ఖాళీ కాని స్ట్రింగు ఏదైనా దానికి నిజమే. అందరూ అందరే.

రెండోసారి మామ ఆ ఖాళీలో పెన్నుతో 'లేదు' అని రాసుకుపోతే చేతిరాత చెల్లదన్నారు. మూడోసారి నెట్ సెంటర్ కుర్రాడు తెలివిగా 'అవును' నొక్కాడు. 1 పడింది. కాగితం నిండింది. గతంలో సాయం పొందినవాళ్లు అనర్హులని తిప్పి పంపారు.

నిజమైతే 'అవును', కాకపోతే 'లేదు' అచ్చేయమని ప్రోగ్రాములో ఒక్క లైను రాయాలి, అంతే, అరనిమిషం పని. అది రాయడానికి బద్ధకించిన వాడికి జీతం ఒకటో తారీఖున పడే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో మూడుసార్లు బస్సెక్కింది మాత్రం ఈయన. ఉన్నమాట చెప్పిన మనిషి నోట్లో మాట చెరిపేసి, నువ్వే చెప్పలేదంటారా?

మామ మాత్రం ఇంకా ఆ రెండో ఎకరా సంగతే అడుగుతున్నాడు.