నెత్తుటిని కంటితో కొలవకండి

కాన్పు అయ్యాక "రక్తం ఎంత పోయింది?" అని అడిగితే ప్రసూతి గదిలో ఎక్కువగా వినిపించే జవాబు "మామూలుగానే పోయింది". అంకె ఉండదు. కింద పరిచిన గుడ్డ కొంత పీల్చుకుంది. కొంత ఉమ్మనీటితో కలిసి నేల మీదికి జారింది. గడ్డలు ట్రేలో ఉన్నాయి. ఇవన్నీ ఒక్క చూపులో కూడి చెప్పడం ఎంత చెయ్యి తిరిగిన డాక్టరుకైనా సాధ్యం కాదు. కారే రక్తాన్ని పట్టే, కొలత గీతలున్న సంచితో పోల్చి చూస్తే కంటి అంచనా 33 శాతం తక్కువ వచ్చిందని బెళగావి పరిశోధకులు 2006లోనే ప్రచురించారు. రక్తం ఎక్కువ పోయేకొద్దీ ఈ పొరపాటు కూడా పెరుగుతుంది. అంటే ప్రాణం మీదికి వచ్చిన తల్లి విషయంలోనే కన్ను ఎక్కువగా మోసం చేస్తుంది.

కాన్పు రక్తస్రావంపై జరిగిన ఈ-మోటివ్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, 2 లక్షల 10 వేల కాన్పులు. పాత పద్ధతి కొనసాగిన చోట అధిక రక్తస్రావాన్ని గుర్తించింది 51 శాతం సందర్భాల్లోనే. కొత్త పద్ధతి పెట్టిన చోట అది 93 శాతం. లీటరుకు మించిన రక్తస్రావం, దాన్ని ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గాయి. ఇక్కడ కొత్త మందేమీ లేదు. మందులన్నీ పాతవే, కొత్తగా చేర్చింది గీతలున్న ప్లాస్టిక్ షీటు, గీత దాటగానే అన్నీ ఒకేసారి చేసే చికిత్స.

బిడ్డ బయటికి రాగానే తల్లి నడుము కింద పరిచే షీటు అది. చివర గరాటులా జారి సంచిగా మారుతుంది. 300 మి.లీ. దగ్గర హెచ్చరిక గీత, 500 దగ్గర పని మొదలుపెట్టాల్సిన గీత. మొదటి గంటలో ప్రతి పావుగంటకూ సంచి, నాడి, బీపీ, గర్భసంచి బిగువు చూడాలి. గర్భిణికి ఒంట్లో రక్తం ఎక్కువగా ఉంటుంది కాబట్టి చాలా పోయేదాకా బీపీ నిలబడే ఉంటుంది. అది పడిపోయాక పరుగెత్తితే అప్పటికే ఆలస్యం. అందుకే 2025 అంతర్జాతీయ మార్గదర్శకాలు 500 దాకా ఆగొద్దన్నాయి. 300 మి.లీ. పోయి, నాడి 100 దాటినా, పై బీపీ 100 కంటే తగ్గినా చికిత్స మొదలుపెట్టాలి.

చికిత్సలో ఐదు పనులు ఒకేసారి జరగాలి. గర్భసంచిని రుద్ది గట్టిపరచాలి. గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్‌ను 10 యూనిట్లు సెలైన్‌లో కలిపి 10 నిమిషాల్లో ఎక్కించి, తర్వాత మరో 20 యూనిట్లు 4 గంటల పాటు ఇవ్వాలి. గడ్డకట్టిన రక్తం మళ్లీ కరగకుండా ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము నరంలోకి 10 నిమిషాల్లో వెళ్లాలి. అవసరాన్ని బట్టి సెలైన్. ఐదోది పరీక్ష: మూత్రాశయం నిండి ఉందా, ఎక్కడైనా చిరిగిందా, మాయ ముక్క లోపల మిగిలిందా. నిండిన మూత్రాశయం ఒక్కటి చాలు, గర్భసంచి ముడుచుకోకుండా అడ్డుపడటానికి. ఒకటి చేసి, ఆగి చూసి, తర్వాత ఇంకొకటి చేసే పాత అలవాటే ప్రమాదం. ట్రానెగ్జామిక్ యాసిడ్ ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ సుమారు 10 శాతం ఫలితం కోల్పోతుంది. కాన్పయ్యాక మూడు గంటలు దాటితే ప్రయోజనమే కనిపించలేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గదేమీ కాదు. ఐరోపాలో 13 దేశాల్లో ఇలాంటి సంచినే వాడి చూస్తే తీవ్ర రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2010లో తేలింది. నిజమే. అక్కడ సంచి ఇచ్చారు, గీత దాటితే ఏం చేయాలో దానికి ముడిపెట్టలేదు. కొలత కొలతగానే మిగిలిపోయింది. ఆ అధ్యయనం నా వాదనకే బలం: అంకె కనబడగానే చేయి కదలాలి.

కదలకపోవడానికి కారణాలు చాలా చిన్నవి. షీటు ముందే పరిస్తే ఉమ్మనీరు కూడా లెక్కలోకి వస్తుంది. మాయ పడగానే తీసేస్తే కీలకమైన మొదటి గంట లెక్కలోకే రాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఆక్సిటోసిన్ వేడి గదిలో పడి ఉంటే సత్తువ పోతుంది. మందులు తాళం వేసిన బీరువాలో ఉంటే తాళంచెవికే పది నిమిషాలు. అన్నీ ఒకే పెట్టెలో, మంచం పక్కనే ఉండాలి. ట్రానెగ్జామిక్ ఆంప్యూల్‌ను మాత్రం వెన్నులో ఇచ్చే మత్తుమందు ట్రే దరిదాపుల్లో ఉంచకూడదు. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుంది, అలా పోయిన సందర్భాలున్నాయి.

ఇంత సులువైన కొలత ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? ఆడవాళ్ల ఒంటి నుంచి పోయే రక్తాన్ని వైద్యం "సహజం" అనే ఖాతాలో రాసేసింది కనుక. ట్రానెగ్జామిక్ యాసిడ్‌ను 1962లో వెలుగులోకి తెచ్చిన దంపతుల్లో ఒకరైన ఉతాకో ఒకమోతో, దాన్ని కాన్పు రక్తస్రావంలో పరీక్షించమని ప్రసూతి వైద్యులను అడిగారు. వాళ్లు ఒప్పుకోలేదు. 20 వేల మంది తల్లులపై జరిగిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఆమె 2016లోనే కన్నుమూశారు.

నెలసరి సంగతీ అంతే. 80 మి.లీ. దాటితే అధికమని పుస్తకాల్లో ఉంది. కొలిచేవారెవరు? "ఎక్కువగా అవుతోంది" అన్న అమ్మాయికి "కొందరికి అంతేలే" అన్న జవాబు దొరుకుతుంది. హిమోగ్లోబిన్ 12 ఉంటే ఇంటికి పంపేస్తారు, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడరు. ఇనుము నిల్వలు అడుగంటినా హిమోగ్లోబిన్ కొంతకాలం నిలకడగానే కనిపిస్తుందని వాళ్లకు తెలియక కాదు. ఏళ్ల తరబడి అలా కరిగిపోయిన నిల్వతోనే ఆమె తల్లి అవుతుంది. రక్తహీనతతో కాన్పు మంచమెక్కిన మనిషికి 500 గీత దాకా ఆగే వ్యవధి లేదు. ఆమె సంచిలో 300 కనబడగానే నాడి పట్టుకోవాలి, మందుల పెట్టె తెరవాలి.