శాలువా దాకా ఆగకుండా

మొన్న జనవరిలో ఊరికి పోయినప్పుడు కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఒక చిన్న బడికి వెళ్లాను. మూడేళ్ల కిందట డల్లాస్‌లో మేం కొందరం చందాలు వేసుకుని ఆ బడికి పెద్ద టీవీ కొనిచ్చాం. గోడకు భద్రంగానే ఉంది. దానికి పూల దుప్పటి ఒకటి కప్పి, చుట్టూ దారంతో కట్టేశారు. "దుమ్ము పడుతుందని కట్టినాం సార్" అంది టీచరమ్మ, నేను అడక్కముందే.

ఆ అమ్మాయిది నంద్యాల వైపు. 2025 మెగా డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో, ఎస్‌జీటీగా (చిన్న తరగతుల టీచరుగా) వచ్చింది. రాష్ట్రమంతా కలిపి 16,347 పోస్టులకు పిలిచిన డీఎస్సీ అది. ఆదోనిలో రూము తీసుకుంది. పొద్దున్నే బస్సు, దిగాక షేర్ ఆటో, ఆ తర్వాత నడక. నేను వెళ్లిన రోజు తరగతిలో పదకొండు మంది పిల్లలున్నారు. రిజిస్టరులో పేర్లు ముప్పై పైనే. మిగతావాళ్లు ఎక్కడని అడగాల్సిన పనిలేదు. మా పడమటి మండలాల్లో ఆ నెలలో పిల్లలు ఎక్కడుంటారో అందరికీ తెలుసు. సుగ్గికి పోయినారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి తల్లిదండ్రులు పోతే ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరుంటారు? పిల్లలూ వెంట పోవాల్సిందే.

కాసేపు మాట్లాడాక ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. "వాళ్లు తిరిగొచ్చినాక మళ్లీ మొదట్నించి చెప్పాలా సార్? అట్ల చెప్తే ఈ పదకొండు మంది ఆగిపోతారు. చెప్పకపోతే వాళ్లు బడి మానేస్తారు. ఎవర్ని అడగాల్నో తెలీడం లేదు."

నాకేం తెలుసు? నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. జవాబు తెలిసినాయన మాత్రం ఆదోనిలోనే ఉన్నాడు. మాకు లెక్కలు చెప్పిన సార్. రిటైరై చాలా కాలమైంది, రోజూ సాయంత్రం పత్తి మార్కెట్ దగ్గర టీ కొట్లో కూర్చుంటాడు. సుగ్గికి పోయే పిల్లల చేతికి ఆయన ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపేవాడు. "మీ నాయనకు రోజుకు ఎంత కూలి ఇచ్చినారో, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడో రాసుకోని రాపో" అనేవాడు. తిరిగొచ్చినాక ఆ పుస్తకంతోనే కూడికలు, తీసివేతలు, శాతాలు. ఊళ్లో ఉన్న పిల్లవాడినీ, వచ్చిన పిల్లవాడినీ ఒకే పలక దగ్గర కూర్చోబెట్టేవాడు. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఆయన పోతే ఆయనతోనే పోతుంది.

నా బాధంతా ఇదే. అమెరికాలోని మన తెలుగు సంఘాలు బడులకు బెంచీలు ఇచ్చాయి, రంగులు వేయించాయి, టీవీలు పెట్టించాయి. టీచరుకు మాత్రం రిటైరయ్యే రోజున ఒక శాలువా, ఒక జ్ఞాపిక. (మా ఇంట్లో మా పెద్దమ్మకు వచ్చిన శాలువాలతో ఒక ట్రంకు పెట్టె నిండింది. ఒక్కటీ కప్పుకోలేదు.) పూలదండ వేసేనాటికి ఆ మనిషికి మన అవసరం దాదాపు తీరిపోయి ఉంటుంది. మొదటి ఏడాది రూములో ఒంటరిగా కూర్చుని రేపు ఏం చెప్పాలా అని టెన్షన్ పడేటప్పుడు మనం ఎక్కడున్నాం?

నడిమి వయసు సంగతీ అంతే. నాతో పదో తరగతి చదివిన మిత్రుడు 2003 డీఎస్సీ వాడు. నోటిఫికేషన్ ఇచ్చింది 2003లో, ఉద్యోగం చేతికొచ్చింది మాత్రం 2004 సెప్టెంబరు 1 తర్వాత. ఆ తేదీతోనే పాత పెన్షన్ పోయి, జీతంలోంచి వాటా కట్టుకునే సీపీఎస్ వచ్చింది. ఆ బాధ ఇంకా చల్లారనేలేదు, 2025లో అదే సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, పాసవ్వాలని. మంచి టీచర్లు కావాలనడంలో నాకు పేచీ లేదు. కానీ ఇరవై ఏళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పిన నా మిత్రుడు ఇప్పుడు లెక్కల సూత్రాలకూ శిశు వికాసానికీ గైడు కొని, రాత్రి పదింటికి తన పాత విద్యార్థిని ఫోన్లో డౌట్లు అడుగుతున్నాడు. "సిగ్గేముందిలే, వాడు నా దగ్గర నేర్చుకున్నదే నాకు చెప్తున్నాడు" అని నవ్వాడు కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇలాంటివాళ్లకు సాయంత్రం పూట ఆన్‌లైన్లో లెక్కలు చెప్పగల ఇంజినీర్లు మన సంఘంలో ఎంతమంది లేరు? దానికి చందా కూడా అక్కర్లేదు.

కొత్తవాళ్ల విషయంలో నేను అడిగేది చిన్నది. వచ్చే ఏడాది టీవీల డబ్బును రిటైరైన టీచర్ల దారిఖర్చుకు పెడదాం. పదిహేను రోజులకొకసారి ఒక పెద్దాయనో, పెద్దావిడో కొత్త టీచరు బడికి పోయి ఒక పూట వెనక బెంచీలో కూర్చుంటారు. ఎంఈవో (మండల విద్యాధికారి) అనుమతి మనం తీసుకుందాం. కానీ రిపోర్టులు వద్దు, ఫొటోలు వద్దు. ఫోన్లో యాప్‌లు నింపేసరికే ఆ కొత్త టీచర్లకు పొద్దు గడిచిపోతోంది. మనం ఇంకో యాప్ తగిలించకూడదు. వెళ్లే పెద్దలు కూడా తనిఖీకి వచ్చిన అధికారుల్లా కుర్చీ లాగించుకుంటే పని చెడుతుంది. అది మాత్రం ముందే గట్టిగా చెప్పుకోవాలి.

ఊర్నించి వచ్చాక లెక్కల సారుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "నా మోకాళ్లు సూసినావా? ఆటో ఎక్కేదానికే అయ్యేట్టు లేదు, బడికేం పోదునప్పా" అన్నాడు. సరే సార్ అని పెట్టేయబోతుంటే అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఆ యమ్మి ఏ క్లాసుకు చెప్తాది?" అని అడిగాడు. "సుగ్గికి పోయిన పిల్లోళ్లు ఎప్పుడొస్తారంట?"