యుగంధర్‌కి ఆ పెట్టెలో చోటు లేదా?

మొన్న డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం సేవా కార్యక్రమాలకి విశాఖ వచ్చినవాళ్లకి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఆ తరవాత బడి లైబ్రరీకి పుస్తకాల పెట్టెలు. నా సంచీలో మా అమ్మ దాచుకున్న 23 డిటెక్టివ్ నవలలున్నాయి. కార్యవర్గ సభ్యులొకరు రెండు తిరగేసి, "ఇలాంటివి పిల్లలకెందుకండీ, సాహిత్యం ఇద్దాం" అని సంచీ నా చేతికే ఇచ్చేశారు. పదిమందిలో ఏమీ అనలేకపోయాను. ఇప్పుడంటున్నాను.

అల్లిపురంలో మా వీధి చివర అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. రోజుకి పావలా. నాన్నగారు షిప్‌యార్డుకి మొదటి షిఫ్టుకి వెళ్లగానే అమ్మ నన్ను పంపేది: "కొమ్మూరి సాంబశివరావుది, మనం చదవనిది అడుగు." ఆయన నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. భోజనాల దగ్గర వాళ్ల మాటే. ఒక చేత్తో చింతపండు పిసుకుతూ, రెండో మోచేత్తో పేజీ నొక్కిపెట్టి చదివేది అమ్మ. బడ్డీ ఎత్తేసేటప్పుడు ఆవిడ తూకానికి కొనుక్కున్నవే ఆ 23.

ఆఖరి అధ్యాయం ముందు పుస్తకం మూసేసి, "ఎవరు చేసుంటారో చెప్పు మరి" అనేది. పేరు చెబితే చాలదు, ఎందుకో చెప్పాలి. "ఆ ముసలాయన చూపు చూస్తేనే తెలుస్తోందమ్మా" అన్నానోసారి. "చూపు సాక్ష్యం కాదురా. గొడుగు సంగతి చదివావా?" అంది. వెనక్కి తిప్పితే 12వ పేజీలో ఉంది. వాన వెలిశాకే బయల్దేరానన్నవాడి గొడుగు ఎందుకు తడిసింది?

ఇంకోసారి హంతకుడు చివరి పది పేజీల్లో ఊడిపడ్డాడు. "ఇది మోసం" అని ఆ పూటే పుస్తకం తిరిగిచ్చి రమ్మంది. చాలా ఏళ్లకి తెలిసింది, 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు, డిటెక్టివ్ నవలలు రాసినవాడే, ఈ కథలకి పది నియమాలు పెట్టాడని. దయ్యాలూ మాయలూ సాయానికి రాకూడదు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలి. అన్నిటికన్నా ముందు, నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి. ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన అమ్మ పట్టుబట్టింది సరిగ్గా ఆ నియమం దగ్గరే.

మన నవలల్లో లోపాల్లేవనను. కొన్ని ఇంగ్లీషు కథలకి తెలుగు పేర్లు తగిలించినవే. కొన్నిటి ముఖచిత్రాలు నలుగురిలో పట్టుకునేలా ఉండేవి కావు, అమ్మే పాత పేపరుతో అట్టలు వేసేది. అలాంటివి పిల్లలకొద్దంటే ఏరి పక్కన పెడదాం. కానీ పాఠకుణ్ణి నమ్మి, ఆధారాలన్నీ వాడి చేతిలో పెట్టి, ఆలోచించమనే పుస్తకాన్ని సాహిత్యం కాదని ఎలా తోసేస్తాం? అక్కడి బడి పిల్లలైనా, ఇక్కడ తెలుగు కూడబలుక్కుంటున్న మన పిల్లలైనా, హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రంతో పేజీ తిప్పుతారు. మనం పంపిన నీతికథల పుస్తకాల్ని అలా తిప్పినవాళ్లని నేను చూడలేదు.

సంచీ ద్వారకానగర్‌లో మా చెల్లెలింట్లో ఉంది. వచ్చే డిసెంబరులో మళ్లీ తెస్తాను. కార్యవర్గంవారు దయచేసి ఒక్క నవలైనా చివరిదాకా చదివి నిర్ణయించండి. ఏరడానికి నేనూ కూర్చుంటాను.