రేకులు మిగిలాయి, వరుసలు పోయాయి

అన్నమయ్య కీర్తన ఎక్కడ విన్నా నాకో సంగతి గుర్తొస్తుంది. మాటలు ఆయనవే, వరుస మాత్రం ఆయనది కాదు. దాదాపు అన్ని కీర్తనలకూ ఇంతే. 1503లో ఆయన పోయారు. కొడుకు పెద తిరుమలాచార్యులు పూనుకుని పాటల్ని రాగి రేకుల మీద చెక్కించారు. వాటిని తిరుమల గుడిలోనే ఒక రాతి అరలో దాచారు. మళ్లీ అవి లోకం కంటపడింది 1922లో. రెండు వేలకు పైగా రేకులు. ఆయన రాసినవి 32,000 అని ప్రతీతి, మన చేతికందినవి 12,000 పైచిలుకు. ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని పరిష్కరించారు. రాళ్లపల్లి వారు కొన్నింటికి కొత్తగా స్వరాలు కట్టారు.

ఆ రోజుల్లో రాగి అంటే అన్నిటికన్నా గట్టి టెక్నాలజీ. తాటాకును చెదలు తింటాయి, రాగి జోలికి రావు. భక్తికి లోటు లేదు, డబ్బుకు లోటు లేదు, గుడిలో చోటూ దొరికింది. ఇన్ని ఉన్నా, పాడే గొంతులు ఆగిపోయేసరికి వరుసలు పోయాయి. మరోపక్క, అన్నమయ్యదిగా చెప్పుకునే ‘జో అచ్యుతానంద’ చూడండి. రాతి అర తెరుచుకునేదాకా ఆ లాలి ఆగలేదు. తల్లుల నోట, ఉయ్యాలల పక్కన నడుస్తూనే వచ్చింది.

దాచిపెట్టడమే భక్తి అనుకోవడం మనకు పాత అలవాటు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. దసరాకు సరస్వతి పూజలో పెడతాం. ఆ రోజు చదవకూడదని ఇంట్లో అంటే చిన్నప్పుడు మా సంబరం అంతా ఇంతా కాదు. ఆ మర్యాదను నేను వెక్కిరించడం లేదు. అదే లేకపోతే బ్రౌన్ దొర సేకరించడానికి తాళపత్రాలు కూడా మిగిలేవి కావేమో. నా పేచీ అంతా దండం పెట్టాక ఏం చేస్తున్నాం అన్నదాని గురించే.

ఇదే కథ మన కాలంలో ఇంకోసారి నడిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఈ శతాబ్దం మొదట్లో పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేయించే పని తలకెత్తుకున్నారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. గొప్ప పని, సందేహం లేదు. అచ్చులో ఎక్కడా దొరకని పుస్తకాలు నాలాంటి వాళ్లు ఇంట్లో కూర్చుని చదువుకున్నారంటే ఆ పుణ్యమే.

కానీ అందులో ఒక పుస్తకం వెతికి చూడండి. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్లు కొట్టినవి. రచయిత పేరుండాల్సిన చోట చాలాసార్లు ‘నాట్ అవైలబుల్’. లోపల అట్ట మీద ఆ పేరు ఇంత లావు అక్షరాల్లో కనబడుతూనే ఉంటుంది! స్కాన్ చేసిన చేతుల్ని అనను. పుస్తకం తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని ఉంటే ఆ పేర్లు అలా ఉండేవి కావు. తర్వాత కాపీరైట్ గొడవల్లో ఆ సైటు మూతపడింది. కొందరు ఓపికగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ చేసిపెట్టారు కాబట్టి బతికిపోయాం. పుస్తకం భద్రంగానే ఉంది, ఎక్కడుందో తెలియదు. రాతి అర కథ కూడా ఇదే కదా.

దాచడానికీ, జనానికి అందించడానికీ ఉన్న తేడా మన ముందు తరానికి బాగా తెలుసు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టినవాళ్లు పుస్తకాలతో పాటు రోజువారీ పత్రికల్నీ దాచారు, దాచి జనానికి తెరిచారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవకెక్కించి కృష్ణా కాలువల మీద ఊరూరికీ తిప్పారు. పాఠకుడు వస్తాడని కూర్చోలేదు. ఇప్పుడు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ పాత పాటే. లైబ్రరీలు ఖాళీగా ఉన్నాయా అంటే అదీ లేదు. గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కుర్చీ దొరకదు. సొంత పుస్తకాలు తెచ్చుకుని, ఫ్యాన్ కింద చోటు కోసం పొద్దున్నే వస్తారు. వాళ్ల వెనకే బీరువాలు, వాటికి తాళాలు.

నాకు కాస్త ఆశ కలిగేది, పాత పుస్తకాల్ని అందరూ చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే తెలుగు వికీసోర్స్ చూసినప్పుడు. స్కాన్ చేసిన పాత పేజీని కంప్యూటర్ అక్షరాలుగా మారుస్తుంది. అరసున్న దగ్గర తడబడుతుంది, బండి ఱ చూసి ఇంకేదో అనుకుంటుంది. అప్పుడు ఎక్కడో ఒకరు, జీతం బత్తెం లేకుండా, పద్యం పైకి చదువుకుంటూ తప్పులు దిద్దుతారు. పేజీ పసుపు రంగులోకి వస్తుంది. ఇంకొకరు వచ్చి మళ్లీ మొదటి నుంచి చదవాలి. అప్పుడే అది ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. పసుపులోనే ఆగి, రెండో మనిషి కోసం చూస్తున్న పేజీలు అక్కడ బోలెడు.